37.5 దగ్గర ఆకుపచ్చగా మెరవాలి: ద్రవ స్ఫటికాన్ని పనికి తగ్గట్టు తయారుచేసుకోవడం

మా పిన్ని వాళ్ళది పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్ళే దారిలో ఓ పల్లె. థర్మోకోల్ డబ్బాలో బల్బు, చిన్న ఫ్యాను, థర్మోస్టాట్ పెట్టి నాటుకోడి గుడ్లు పొదిగిస్తుంది. లోపల 37.5 డిగ్రీలు ఉండాలి, ఇరవై ఒక్క రోజులు. కాస్త చల్లబడితే పిల్ల ఆలస్యంగా వస్తుంది, కానీ వేడి ఎక్కువైతే గుడ్డులోనే చచ్చిపోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆవిడకి టెన్షన్. గాజు థర్మామీటరు ఇచ్చాను. "ఆ సన్న గీతలు నాకు కనపడవురా బాబూ, గుమ్మంలోంచి చూస్తే తెలిసేలా ఏదైనా రంగు పెట్టిద్దూ" అంది. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, ద్రవ స్ఫటికాలంటే (ద్రవంలా పారుతూనే, స్ఫటికంలో లాగా అణువులు ఓ పద్ధతిలో సర్దుకుని ఉండే పదార్థాలు) చదువుకునే రోజుల నుంచీ ఇష్టం, కానీ ఒక పనికి సరిపడా ద్రవ స్ఫటికాన్ని ఎలా తయారుచేయాలన్నది నాకు నిజంగా అర్థమైంది ఆ గుడ్ల పెట్టె దగ్గరే. బరంపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు పిల్లలు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఏం చేయాలని అడుగుతుంటారు. వాళ్ళ కోసం ఇది మొదటి నుంచీ రాస్తున్నాను.

ముందు అణువు గురించి ఆలోచించకండి, పని ఏమిటో రాసుకోండి. చాలామంది పుస్తకం తెరిచి, అందమైన అణువు బొమ్మ చూసి, దాన్ని తయారుచేసి, ఆ తరవాత ఇది దేనికి పనికొస్తుందని వెతుక్కుంటారు. పేజీ పైన మూడు సంగతులు రాసుకుంటే చాలు: బయటి నుంచి తగిలేది ఏమిటి (వేడా, కరెంటా, వెలుతురా), అది తగిలితే ఏం మారాలి (రంగా, పారదర్శకతా, పొడవా), ఏ ఉష్ణోగ్రతల మధ్య పనిచేయాలి. నా పేజీలో ఇలా ఉంది: వేడి తగలాలి, రంగు మారాలి, 36 నుంచి 39 డిగ్రీల మధ్య. ఈ మూడింటితోనే సగం దారి తేలిపోతుంది.

అణువులు ఎలా సర్దుకుంటాయో కళ్ళకు కట్టాలంటే మహేంద్రతనయకి వరద వచ్చినప్పుడు గట్టు మీద నిలబడి చూడండి. కొట్టుకొచ్చే వెదురుగడలన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి, కానీ ఏ గడ ఎక్కడుండాలన్న నియమం ఉండదు, ఒకదాన్ని దాటుకుంటూ ఒకటి పోతుంది. నెమాటిక్ దశ అంటే అదే. గడ్డి మోపుల్ని వరసలు వరసలుగా పేర్చినట్టు పొరలు కూడా వచ్చేస్తే స్మెక్టిక్. అలా పొరలు కట్టకుండా, పైకి పోయే కొద్దీ గడల దిశ కొంచెం కొంచెం తిరుగుతూ, గుండ్రటి మేడమెట్లలా సుడి పడితే కొలెస్టెరిక్. ఈ మూడోదే మనకు రంగునిస్తుంది. ఆ సుడి ఒక చుట్టు పూర్తిగా తిరగడానికి పట్టే దూరాన్ని పిచ్ అంటారు, దాన్ని వక్రీభవన గుణకంతో గుణిస్తే తిరిగొచ్చే రంగు తరంగదైర్ఘ్యం వస్తుంది. గుణకం సుమారు 1.5 అనుకుంటే, 530 నానోమీటర్ల ఆకుపచ్చ కావాలంటే పిచ్ 350 నానోమీటర్ల దగ్గర ఉండాలి. రంగు పొడి ఒక్క చిటికెడు కూడా కలపకుండా, ఉత్త సర్దుబాటుతోనే రంగు రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ రైనిట్జర్ చూసింది ఈ జాతి పదార్థమే. కొలెస్టెరిల్ బెంజోయేట్ 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసక ద్రవమైంది, 178.5 దగ్గర ఆ మసక పోయి తేటపడింది. రెండు సార్లు కరిగినట్టు కనిపించిన ఆ పదార్థమే మనం చేయబోయే మిశ్రమంలో కూడా ఉంది, అందుకే ఈ కథ చెప్పాను.

ఇప్పుడు అణువు సంగతి. పొడవాటి రకం ద్రవ స్ఫటిక అణువుకి మధ్యలో గట్టి భాగం, చివర మెత్తటి తోక, కొన్నిసార్లు రెండో చివర విద్యుత్ ధ్రువత ఉన్న గుంపు ఉంటాయి. గట్టి భాగంలో బెంజీన్ వలయాలు పెంచితే తేటపడే ఉష్ణోగ్రత (ద్రవ స్ఫటిక దశ పోయి మామూలు ద్రవమయ్యే చోటు) బాగా పైకి పోతుంది, దాంతోపాటు కరిగే ఉష్ణోగ్రత కూడా పెరిగిపోతుంది. తోక పొడవు పెంచితే పొరలు కట్టే గుణం వస్తుంది. పక్కన ఒక ఫ్లోరిన్ పెడితే అణువులు ఒకదానికొకటి అంత దగ్గరగా సర్దుకోలేవు, కరిగే ఉష్ణోగ్రత చాలాసార్లు దిగుతుంది.

తోక పొడవుతో ఏం జరుగుతుందో సైనోబైఫినైల్స్‌లో, అంటే నేరుగా కలిసిన రెండు బెంజీన్ వలయాలకి ఒక చివర తోక, ఇంకో చివర సయనో (కార్బన్-నైట్రోజన్) గుంపు ఉన్న అణువుల్లో చూడండి. ఐదు కార్బన్ల తోక ఉన్న 5సీబీ 35 డిగ్రీల దగ్గర తేటపడుతుంది, ఆరు ఉన్నది 29 దగ్గర, ఏడు ఉన్నది 43 దగ్గర, ఎనిమిది ఉన్నది 40 దగ్గర. ఒకటి పైకి, ఒకటి కిందికి. తోక చివరి బంధం సరి బేసిని బట్టి అణువు పొడవు దిశలోనో, పక్కకో తిరుగుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. 8సీబీ 33.5 డిగ్రీల కింద స్మెక్టిక్ అయిపోతుంది కూడా. ఒక్క కార్బన్ కలిపాను కదా కొంచెమే మారుతుందిలే అని లెక్కేసుకోకుండా పక్కపక్క నాలుగు అణువుల వరస చూశాకే నిర్ణయానికి రండి.

ఈ సైనోబైఫినైల్స్ ఎందుకు పుట్టాయన్నది మన వాతావరణానికి బాగా దగ్గర విషయం. 1969లో హాన్స్ కెల్కర్ చేసిన ఎంబీబీఏ అనే పదార్థం గది ఉష్ణోగ్రతలోనే నెమాటిక్. తయారీ కూడా సులువు, అనిసాల్డిహైడ్‌ని బ్యూటైల్ అనిలీన్‌తో కలిపి ఆల్కహాల్లో మరిగిస్తే చాలు, నేనూ చేశాను. కానీ అందులో ఉన్న కార్బన్, నైట్రోజన్ జంట బంధాన్ని నీటి తేమ విరగ్గొట్టేస్తుంది. శ్రావణమాసంలో సీసా మూత సరిగ్గా బిగించకుండా వదిలేశాను, మూడు వారాలకి చూస్తే పసుపు రంగు ముదిరిపోయి, తేటపడే ఉష్ణోగ్రత కూడా పడిపోయింది. ఆ వాసన చూస్తేనే తెలిసిపోయింది, అనిసాల్డిహైడ్ సోంపు వాసన వేస్తుంది కదా. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే ఆ బలహీనమైన బంధాన్ని తీసేసి రెండు వలయాలనూ నేరుగా కలిపి, చివర సయనో గుంపు పెట్టారు. 1973లో 5సీబీ అలా వచ్చింది, చేతి గడియారాల డిస్‌ప్లేలు నిలబడ్డాయి. ఎక్కడ విరుగుతుందో చూసి అక్కడ బంధం మార్చడం, ఇంతకంటే మంచి డిజైన్ పాఠం నాకు తెలియదు.

అయితే 5సీబీ ఒక్కటే ఉంటే పని జరగదు. 24 డిగ్రీల నుంచి 35 వరకే నెమాటిక్, మా రాయగడ ఎండల్లో మే నెల మధ్యాహ్నానికి అది ఉత్త నీళ్ళలా అయిపోతుంది. అందుకే మిశ్రమాలు. రేడియో రిపేరు షాపులో టంకం చూసే ఉంటారు, తగరం 232 డిగ్రీలకి, సీసం 327కి కరుగుతాయి, రెండూ సరైన పాళ్ళలో కలిస్తే 183కే కరుగుతుంది. ద్రవ స్ఫటికాల్లోనూ అదే సూత్రం. ఈ7 అనే పేరున్న మిశ్రమంలో 5సీబీ 51 శాతం, 7సీబీ 25, 8ఓసీబీ (8సీబీ లాంటిదే, తోక మొదట్లో ఆక్సిజన్ ఉన్నది) 16, మూడు వలయాలున్న 5సీటీ 8 శాతం ఉంటాయి. 5సీటీ విడిగా అయితే 130 దాటితే గానీ కరగదు, కానీ ఎనిమిది శాతం కలిపితే మొత్తం మిశ్రమం తేటపడే ఉష్ణోగ్రతని 60 దాకా లాక్కొస్తుంది. కొత్త అణువు చేయడానికి ఆరు నెలలు పడుతుంది, మిశ్రమం ఒక పూటలో మార్చొచ్చు. నా మాట వినండి, ముందు మిశ్రమంతో సాధ్యమా అని చూసి, కాకపోతేనే ఫ్లాస్కు ముట్టుకోండి.

ఇక గుడ్ల పెట్టెకి రంగుతో వేడి చూపే పట్టీ. కావాల్సినవి మూడే: కొలెస్టెరిల్ ఓలియిల్ కార్బొనేట్, కొలెస్టెరిల్ పెలార్గొనేట్ (దీన్నే నొనానోయేట్ అని కూడా అమ్ముతారు), కొలెస్టెరిల్ బెంజోయేట్. మొదటిది మైనంలా జిగురుగా ఉంటుంది, మిగతా రెండూ తెల్ల పొడులు. మనవైపు వాళ్ళు బరంపురం డీలరు ద్వారానో విశాఖ డీలరు ద్వారానో తెప్పించుకోవచ్చు. సీసా అందగానే తయారైన తేదీ చూడండి. నాకు ఒక డీలరు అంటగట్టిన ఓలియిల్ కార్బొనేట్ పాత సరుకు, పసుపు తిరిగిపోయింది, దాంతో చేసిన పట్టీ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర రంగే ఇవ్వలేదు. వారం రోజులు తప్పు నా తూకంలో ఉందనుకున్నాను.

పాళ్ళు ఇవీ, ఒక గ్రాము మొత్తానికి. బెంజోయేట్ ఎప్పుడూ 0.10 గ్రాము. ఓలియిల్ కార్బొనేట్ 0.38, పెలార్గొనేట్ 0.52 అయితే 33 నుంచి 36 డిగ్రీల మధ్య రంగులు వస్తాయి. 0.34, 0.56 అయితే 35 నుంచి 38. 0.32, 0.58 అయితే 36 నుంచి 39. 0.30, 0.60 అయితే 37 నుంచి 40. ఇది చాలా బోధనా ల్యాబుల్లో వాడే పట్టికే. ఓలియిల్ 0.02 తగ్గించి పెలార్గొనేట్ అంతే పెంచితే రంగులు వచ్చే హద్దు ఒక డిగ్రీ పైకి జరుగుతోంది, గమనించారా? అంటే ఇరవై మిల్లీగ్రాములకి ఒక డిగ్రీ. సెంటీగ్రాము మాత్రమే చూపే త్రాసుతో గ్రాము మిశ్రమం చేస్తే అర డిగ్రీ అటూ ఇటూ పోవడం ఖాయం, గుడ్డుకి అర డిగ్రీ చిన్నది కాదు. మిల్లీగ్రాము చూపే త్రాసు కావాలి. కాలేజీలో లేకపోతే తెలిసిన బంగారం కొట్టులో అడగండి, వాళ్ళ త్రాసు అంత సన్నగానే తూస్తుంది. పదార్థాన్ని పళ్ళెంలో వెయ్యకుండా గాజు సీసా పెట్టుకుని అందులోనే తూచండి, కొట్టువాళ్ళు ఇంకోసారి రానిస్తారు. జిగురుగా ఉండేదాన్ని ముందు వేసి, దానికి తగ్గట్టు పొడుల పాళ్ళు లెక్క కట్టుకోండి. అంటుకుపోయే పదార్థాన్ని సరిగ్గా 0.320 దగ్గర ఆపడం ఎవరి వల్లా కాదు, పొడిని ఆపొచ్చు.

మూడూ ఒకే చిన్న బోరోసిలికేట్ సీసాలో వేసి హాట్ ఎయిర్ గన్‌తో గానీ నూనె తొట్టిలో గానీ మెల్లగా వేడి చేయండి. స్పిరిట్ దీపం మంట మీద పెట్టకండి, అడుగున మాడి రంగు మారుతుంది. పని ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లని బయటికి లాగేసే ల్యాబు పెట్టె), చేతులకు గ్లౌజులతో. అంతా తేటగా, మసక లేని నూనెలా అయ్యాక సీసాని వేళ్ళ మధ్య తిప్పుతూ ఒక నిమిషం కలపండి, ఇక్కడ తొందరపడితే ఒకే పట్టీ మీద రెండు రంగుల మరకలు వస్తాయి. చల్లారేటప్పుడు సీసాని నల్ల గుడ్డ మీద పెట్టి చూడండి. తేట నూనె గోడల దగ్గర మసకబారి, ఊదా నీలం మొదలై, ఆకుపచ్చలోకి జారి, ఎరుపై, ఆరిపోతుంది. నెమలి ఈక తిప్పినట్టే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను మళ్ళీ మళ్ళీ వేడి చేసి చల్లార్చుతూ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను.

వేడెక్కుతుంటే ఎరుపు నుంచి నీలానికి పోతుందని గుర్తుంచుకోండి, మామూలుగా మనం వేడంటే ఎరుపు అనుకుంటాం, ఇక్కడ తిరగబడింది. చల్లబడే కొద్దీ పదార్థం పొరల దశకి దగ్గరవుతుంది, పొరల్లో సుడికి చోటు ఉండదు, అందుకని సుడి వదులై పిచ్ పెరిగి ఎరుపు వస్తుంది. పిన్నికి ఇది రెండు సార్లు చెప్పాల్సి వచ్చింది.

పట్టీ చేయడానికి పారదర్శకమైన అంటుకునే ప్లాస్టిక్ షీటు మీద చిన్న చుక్క వేసి, పైన ఇంకో షీటు వేసి, బొటనవేలితో మధ్య నుంచి అంచులకి పలచగా నొక్కండి. అంచులు సెంటీమీటరైనా ఖాళీ ఉంచి గట్టిగా అతికించండి, గాలి తగిలితే పాడవుతుంది. వెనక నల్ల కాగితం తప్పనిసరి. కొలెస్టెరిక్ పొర తనకు నచ్చిన సుడి దిశ ఉన్న వెలుతురునే తిప్పి పంపుతుంది, అంటే ఎంత బాగా చేసినా సగానికి మించి రాదు, మిగతాది లోపలికి దూసుకుపోతుంది. దాన్ని నలుపు మింగేయకపోతే తెల్ల కాగితం మీంచి తిరిగొచ్చి రంగుని వెలవెలబోయేలా చేస్తుంది.

తరవాతది అసలైన పని, కొలవడం. పట్టీని జిప్ కవర్లో పెట్టి, పక్కనే పదో వంతు డిగ్రీ చూపే డిజిటల్ థర్మామీటరు పెట్టి, వెడల్పు గిన్నెలో 42 డిగ్రీల నీళ్ళలో ముంచి, కలుపుతూ మెల్లగా చల్లారనివ్వండి. ఏ రంగు ఎక్కడ మొదలైందో రాసుకోండి, మళ్ళీ వేడెక్కిస్తూ రాసుకోండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే అంకె రాకపోవచ్చు, రెండూ కావాలి. ఎరుపు, ఆకుపచ్చ గబగబా దాటిపోయి నీలం చాలాసేపు సాగుతుంది, కాబట్టి 36 నుంచి 39 అంటే 37.5 దగ్గర ఆకుపచ్చే ఉంటుందని లెక్కేసుకోవద్దు. నాకు ఆకుపచ్చ 37కి కిందే వచ్చేసింది. ఓలియిల్ ఇంకో పది మిల్లీగ్రాములు తగ్గించి, పెలార్గొనేట్ పది పెంచి, 0.31, 0.59 దగ్గర మళ్ళీ చేశాను. అది సరిపోయింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. రంగుల హద్దు దాటితే ఏ వైపైనా పట్టీ నల్లగానే కనిపిస్తుంది. చల్లగా ఉన్నా నలుపే, మరీ వేడిగా ఉన్నా నలుపే, చూసేవాళ్ళకి ఏది అర్థం కావాలి? అందుకని మూడు పట్టీలు పక్కపక్కన పెట్టాను, ఎడమన 33-36ది, మధ్యలో మనది, కుడిన 37-40ది. మధ్యది ఆకుపచ్చగా ఉంటే బాగున్నట్టు. ఎడమది మాత్రమే వెలిగితే బల్బు చూడాలి. కుడిది ఆకుపచ్చబడితే మూత తీసేయాలి. ఇలాంటి సంగతి ఏ అణువు బొమ్మలోనూ కనపడదు, వాడేవాళ్ళ పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. ఇంకోటి, పట్టీని పక్క నుంచి చూస్తే రంగు నీలం వైపు జరుగుతుంది. పిన్ని గుమ్మంలోంచి ఏటవాలుగా చూసి "వేడెక్కిపోయింది" అని కంగారుపడి ఫోన్ చేసింది. పట్టీని పెట్టె కిటికీకి, ఆవిడ కళ్ళకి ఎదురుగా వచ్చేలా మార్చి అతికించాం.

ఎండ తగిలితే రంగు కొన్నాళ్ళకి వెలిసిపోతుంది. ఎక్కువ కాలం నిలవాలంటే చిన్న గుళికల్లో బంధించాలి. జెలటిన్ ద్రావణంలో మిశ్రమాన్ని గోరువెచ్చగా ఉంచి చుక్కలుగా చిలికి, గమ్ అరబిక్ ద్రావణం కలిపి, కొంచెం అసిటిక్ ఆమ్లంతో పీహెచ్‌ని 4 దగ్గరకి దించితే రెండు బంకలూ చుక్కల చుట్టూ పొరగా పేరుకుంటాయి. చల్లబరచి, గ్లుటరాల్డిహైడ్‌తో గట్టిపరచాలి. అది కళ్ళనీ ఊపిరినీ మండిస్తుంది, హుడ్ లేకుండా చేయొద్దు. గుళికల్ని నల్ల కాగితం మీద సిరాలా పూసుకోవచ్చు.

దశలు సరిగ్గా వచ్చాయో లేదో చూడ్డానికి ఖరీదైన సూక్ష్మదర్శిని లేకపోయినా పర్లేదు. చెడిపోయిన కాలిక్యులేటరు లేదా పాత మానిటరు డిస్‌ప్లే మీది పోలరైజర్ పొర (ఒకే దిశలో ఊగే వెలుతురుని పోనిచ్చేది) ఒలిచి, రెండు ముక్కలు స్కూలు మైక్రోస్కోపు స్లైడుకి పైనా కిందా ఒకదానికొకటి అడ్డంగా, అంటే 90 డిగ్రీల కోణంలో పెట్టండి. మామూలు ద్రవం నల్లగా ఉంటుంది. నెమాటిక్ అయితే నల్లటి దారాలు పాకుతూ కనిపిస్తాయి, ఆ పేరుకి మూలమైన గ్రీకు మాటకి అర్థం దారమే. స్మెక్టిక్ అయితే చాలాసార్లు విసనకర్రలు విప్పినట్టు.

పని వేరైతే దారీ వేరు. కరెంటు పెడితే తేటపడే కిటికీ అద్దం కావాలంటే ఈ7ని యూవీ వెలుతురుకి గట్టిపడే జిగురులో చుక్కలు చుక్కలుగా బంధించండి. గట్టిపడిన జిగురు వక్రీభవన గుణకం ఈ7కి దిశని బట్టి ఉండే రెండు గుణకాల్లో చిన్నదానికి, అంటే 1.52కి సరిపోవాలి, అప్పుడే ఓల్టేజి ఇచ్చినప్పుడు చుక్కలు మాయమవుతాయి. టీవీ తెరల్లాంటి వాటికి సయనో గుంపు మానేసి ఫ్లోరిన్ అణువులు వాడతారు, సయనో అయాన్లని పట్టుకుని ఓల్టేజి నిలవనివ్వదు. వేడికి ముడుచుకునే కండరంలాంటి రబ్బరు కావాలంటే రెండు చివరలా ఆక్రిలేట్ (గొలుసులుగా అతుక్కునే గుంపు) ఉన్న ఆర్ఎం257 అనే ద్రవ స్ఫటిక అణువుని థయాల్స్ అనే గంధకం ఉన్న అణువులతో కలిపి, సగం గట్టిపడ్డాక సాగదీసి, ఆ స్థితిలోనే యూవీతో బిగించాలి. కరెంటు మోసే నిలువు వరసలు కావాలంటే పళ్ళేల్లాంటి అణువులు కావాలి, అలాంటివి ద్రవ స్ఫటికం అవుతాయని 1977లో ప్రపంచానికి చూపించింది బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో చంద్రశేఖర్, సదాశివ, సురేశ్. ఆ పేపరు మన దేశపు పత్రిక ప్రమాణలోనే వచ్చింది, మా పిల్లలకి చెప్పేటప్పుడు నాకు గొంతు కొంచెం పెద్దదవుతుంది.

ఏ దారిలో పోయినా నోటుబుక్కులో ఒక్కసారి ఒక్కదాన్నే మార్చండి, సీసా లాట్ నంబరు, ఆ రోజు తేమ, ఎక్కేటప్పటి అంకె, దిగేటప్పటి అంకె పక్కపక్కన రాయండి. పిన్ని పెట్టె పట్టీలు ప్రతి పొదుగుకీ ముందు గోరువెచ్చటి నీళ్ళలో మళ్ళీ సరిచూస్తాను, మధ్యది పావు డిగ్రీ జరిగినా కొత్తది వేస్తాను. మొన్నటి పొదుగులో పద్దెనిమిదో రోజు రాత్రి కుడి పట్టీ ఆకుపచ్చబడితే ఆవిడ తనే మూత తీసి, మధ్యది మళ్ళీ ఆకుపచ్చకి వచ్చేదాకా పక్కనే కూర్చుందట. పొద్దున్న ఫోన్ చేసి చెప్పింది, థర్మోస్టాట్ తీగ ఊడిపోయి బల్బు ఆగకుండా వెలుగుతోందని.